పడుగు ఉన్నంతసేపు

నేను మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ ఓవర్సీరుగా చేరి, అదే విభాగంలో కాస్త పెద్ద కుర్చీలో రిటైరైనవాణ్ణి. కుర్చీలు ఎలా మారాయో ఇక్కడ రాయను. అది చదివితే మీకు నిద్ర వస్తుంది, రాస్తే నాకు కోపం వస్తుంది.

ఈమధ్య మా విభాగంలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఇంటికి వచ్చి ఒక ప్రశ్న అడిగారు. పసిపిల్లలున్న కుటుంబాలకు ఊరు అనుకూలంగా ఉండాలంటే ఏం చేయాలి సార్ అని. మా కాలంలో ఈ ప్రశ్న అడిగినవాడు లేడు. మేము రోడ్డు వెడల్పు, కాలువ లోతు, ప్రహరీ ఎత్తు చూసేవాళ్ళం. ఊళ్ళో పిల్లలున్నారని తెలుసు. వాళ్ళ సంగతి కూడా మా పనిలోకి వస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా నాకు తెలిసివచ్చిన సంగతి ఒకటుంది. అది రాస్తాను.

అనంతపురం జిల్లాలో పట్టు మగ్గాలున్న ఒక చిన్న పట్టణంలో జరిగింది ఇది. డెబ్బైలు అయిపోయి ఎనభైలు మొదలవుతున్న రోజులు. ఊరి పేరు రాయను. రాస్తే ఇప్పుడు ఆ ఆఫీసులో కూర్చున్నవాళ్ళను ఎవరో వెళ్ళి పీక్కుతింటారు, వాళ్ళకు ఈ గొడవతో సంబంధం లేదు.

కాలే జారుడుబల్ల

ఆ ఏడాది పిల్లల సంవత్సరమని రేడియోలో ఒకటే ఊదరగొడుతుండేవారు. మా కమిషనరు గారు కోస్తా నుంచి వచ్చిన మనిషి. కోపం ముక్కు మీద ఉండేది గానీ మనసులో ఏమీ పెట్టుకోడు. పనిచేయాలన్న తపన ఉన్నవాడు. పిల్లలకు పార్కు కట్టిద్దాం అన్నాడు. ఊరి చివర, ట్రావెలర్స్ బంగళా పక్కన ఖాళీ స్థలం ఉంటే దాన్ని చదును చేసి, కంచె వేసి, ఊయలలు పెట్టి, ఇనుప జారుడుబల్ల ఒకటి నిలబెట్టాం.

మా ఎండ సంగతి మీకు తెలుసు. శివరాత్రి దాటితే ఇనుప తలుపు గొళ్ళెం తీయాలన్నా పైపంచె చుట్టుకుని తీస్తాం. అలాంటి ఊళ్ళో పడమటికి తిరిగిన ఇనుప జారుడుబల్ల! ప్రారంభోత్సవం చలికాలంలో జరిగింది కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు. ఎండాకాలం వచ్చేసరికి దాని మీద అప్పడాలు కాల్చుకోవచ్చు. ఒక పిల్లవాడి తొడలు బొబ్బలెక్కాయి. వాచ్‌మన్ గేటుకు తాళం వేసి తను తుమ్మచెట్టు నీడన పడుకోవడం మొదలుపెట్టాడు.

ఎండ ఒక్కటే కారణం అనుకున్నాం మేము. బల్లను వేరే దిక్కుకు తిప్పి, పైన రేకులు వేస్తే సరిపోతుందని నేనే అంచనా వేయబోయాను. ఆ పని మీద ఉండగా ఒకరోజు మగ్గాల వీధిలో నాగమ్మ అనే ఆమెను అడిగాను, పార్కుకు పిల్లల్ని ఎందుకు పంపరని. నాగమ్మ ముప్పై లోపు మనిషి. భర్త మగ్గం గుంతలో కూర్చుంటే తను పక్కనే రాట్నం మీద దారం కండెలు చుట్టేది, అతను లేచినప్పుడు తనే మగ్గం మీద కూర్చునేది. నోరు పెద్దది. వీధికంతా ఆమె కేక వినబడేది.

"ఏమప్పా ఓవర్సీరు సారూ, మీ పార్కు యాడుండాది, మా మగ్గం యాడుండాది? ఆడికి బిడ్డను తోలుకపోతే ఈడ కండెలు నువ్వు చుడతావా?"

"పెద్ద పిల్లలతో పంపొచ్చు కదమ్మా?"

"పెద్దోళ్ళు ఇస్కూలుకు పోతాండారు. చిన్నోడు నేను పిల్చినానంటే పలకల్ల. పలకలేదంటే నేను పని ఇడ్సి లేయల్ల. లేస్తే ఆపొద్దు కూలి పాయ. అంతే కదా!"

ఇదీ నాకు దొరికిన మొదటి కొలత. పసిపిల్లవాడి ఆటస్థలం తల్లి గొంతు వినబడే దూరం దాటి ఉండకూడదు. మీ టేపుతో ఎంత కొలిచినా ఇది రాదు. ఊరి చివర ఎంత మంచి పార్కు కట్టినా అది ఆదివారం సెలవుండే ఉద్యోగస్థుల పిల్లలకే పనికొస్తుంది. తప్పు లేదు, వాళ్ళూ పిల్లలే. కానీ పనిచేసుకుని బతికే ఇళ్ళున్న ఊళ్ళో పిల్లల చోటు గడప ముందర మొదలవ్వాలి.

వీధిలో పడుగు

మరి అప్పటిదాకా ఆ వీధి పిల్లలు ఎక్కడ ఆడుకునేవాళ్ళు? వీధిలోనే. అది ఎలా కుదిరిందో చెప్పాలంటే పడుగు గురించి చెప్పాలి.

చీరలో పొడవునా ఉండే దారాలను పడుగు అంటారు. మగ్గానికి ఎక్కించే ముందు ఆ దారాలన్నిటినీ వీధి పొడవునా సాగదీసి, రెండు కొసలా కొయ్యలకు బిగించి, మధ్య మధ్య కర్రలు నిలిపి, గంజి పట్టించి, తెగిన పోగులు ముడివేసుకుంటారు. ఇంట్లో అంత చోటు ఎవరికుంటుంది? అందుకని పొద్దున్నే వీధిలోనే వేసేవాళ్ళు. ఒకరి పడుగు అయిపోతే ఇంకొకరిది. పొద్దు బాగా ఎక్కేదాకా ఆ వీధిలో ఏదో ఒక పడుగు ఉండేది. మబ్బు పట్టిన రోజయితే సాయంత్రం దాకా కూడా సాగేది.

పడుగు వేసిన వీధిలోకి బండి రాదు. ఎవరూ బోర్డు పెట్టలేదు, పోలీసు నిలబడలేదు. ఎద్దులబండివాడైనా, జట్కావాడైనా, లారీవాడైనా కొసన కొయ్యలు చూస్తే బండి తిప్పుకుని వేరే సందున పోయేవాడు. ఏ పూట పడుగు ఉంటుందో తెలియదు కాబట్టి, లేని వేళల్లో కూడా ఆ దారి పట్టేవాళ్ళు కాదు. పడుగు తెంపినవాడు ఒక ఇంటి నెల కష్టాన్ని తెంపినట్టే. అలాంటివాడికి ఆ ఊళ్ళో నీళ్ళు పుట్టవు. అందుకే మగవాళ్ళు గంజి పట్టిస్తుంటే, ఆడవాళ్ళు అరుగుల మీద రాట్నాలు తిప్పుతుంటే, పిల్లలు పడుగుకు రెండు పక్కలా, ఒక్కోసారి పడుగు కింద దూరి కూడా ఆడుకునేవాళ్ళు. దారానికి చేయి తగలకూడదని పాకే బిడ్డకు కూడా తెలుసు.

నేను ఆ వీధిలో ఏళ్ళ తరబడి తిరిగాను. పడుగు చూశాను, పిల్లల్ని చూశాను. రెండింటికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు. నాకే కాదు, ఆ వీధివాళ్ళకూ తట్టలేదు. అలవాటుగా దొరుకుతున్నదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

అందరూ కోరుకున్న షెడ్డు

వీధిలో పడుగు వేయడంలో కష్టం లేకపోలేదు. ఆషాఢం వచ్చిందంటే మా మెట్ట మీద గాలి ఎలా కొడుతుందో చెప్పాలా? దుమ్మంతా గంజి తడి మీద అంటుకునేది. వానలు రాకపోయినా వాన వచ్చేటట్టు మబ్బు పట్టి పని చెడగొట్టేది. నేతగాళ్ళు ఒకరోజు ఆఫీసుకు వచ్చి, పడుగు వేసుకోవడానికి నీడ కావాలని అడిగారు. న్యాయమైన కోరిక. కమిషనరు గారు సంతోషించాడు. జారుడుబల్ల పరువు పోయిన చోట ఈ షెడ్డు నిలబెడుతుందని ఆయన ఆశ. వీధి వెనకాల, చెరువుకు పోయే దోవలో పొడుగాటి రేకుల షెడ్డు కట్టించాం. ప్లాను నాది. మంచి షెడ్డు. ఇప్పటికీ అదే మాట అంటాను.

నేతగాళ్ళు పడుగులన్నీ షెడ్డుకు మార్చేశారు. దుమ్ము లేదు, గాలి లేదు, పోగులు తెగడం తగ్గింది. నెలలోపే వీధి బోసిపోయింది.

బోసిపోయిన వీధిని చూసినవాళ్ళు మొదట లారీవాళ్ళే. మార్కెట్టు నుంచి వేరుశెనగ నూనె మిల్లుకు అదే దగ్గరి దారి. ఇన్నాళ్ళూ పడుగులు అడ్డమని చుట్టు తిరిగి పోతున్నారు. ఇప్పుడు అడ్డం లేదు. పొద్దున బస్తాల లారీలు, మధ్యాహ్నం డబ్బాల లారీలు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఒక మధ్యాహ్నం ఒక లారీ మలుపులో తిరగలేక నాగమ్మ గడప ముందరి కాలువ బండ ఎక్కి దిగింది. బండ రెండు ముక్కలైంది. ఆ బండ మీద కాసేపటి క్రితం దాకా ఆమె చిన్న కొడుకు ఓబులేసు కూర్చుని మట్టి పిసుకుతున్నాడు. దాహమేసి లోపలికి వచ్చాడు కాబట్టి బతికాడు.

బండ మార్చాలని వీధివాళ్ళు అర్జీ రాస్తే నేను వెళ్ళాను. వీధిలో ఒక్క పిల్లవాడు లేడు. నాగమ్మ ఇంటి గడపలో తొంగి చూశాను. మగ్గం పక్కన గుంజకు పాత చీర పేలిక ఒకటి ముడివేసి ఉంది. రెండో కొస ఓబులేసు నడుముకు ఉంది. వాడు ఆ పేలిక పొడవు ఎంతో అంత దూరం వచ్చి, ఆగి, మళ్ళీ వెనక్కి వెళ్తున్నాడు. ఏడవడం కూడా మానేశాడు.

"ఏమ్మా, బిడ్డను దూడను కట్టేసినట్టు కట్టేసినావే?" అన్నాను.

నాగమ్మ రాట్నం ఆపలేదు. "కట్టేయక ఇంగేం చేయమంటావు? ఇడిస్తే లారీ కిందికి పోతాడు. ఈ వీధిలో యా ఇంట్లోకన్నా పో, చూడుపో, ఇట్లనే ఉండారు. దూడకన్నా పొద్దున, సాయంత్రం తాడిప్పుతారు."

నాలుగిళ్ళు చూశాను. ఆమె అబద్ధం చెప్పలేదు. ఒక ఇంట్లో మంచం కోడుకు, ఒక ఇంట్లో తిరగలికి. ఆ తల్లుల మీద నాకు కోపం రాలేదు. మా షెడ్డు రేకులు గుర్తొచ్చాయి.

రోడ్డు ఎవరిది

కమిషనరు గారి దగ్గరకు వెళ్ళి, ఆ వీధిలోకి లారీలు రాకుండా ఆపుదాం సార్ అన్నాను. ఆయన నా వైపు చూసి, "రోడ్డు వేసింది బండ్లు పోవడానికయ్యా. పిల్లలు ఆడుకోవడానికి పార్కు కట్టాం కదా!" అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయన్ను చెడ్డవాడు అనుకోకండి. మా పుస్తకాల్లో రోడ్డుకు ఉన్న అర్థం అంతే. నేనూ అవే పుస్తకాలు చదివాను.

నెమ్మదిగా పొమ్మని ఒక బోర్డు పెట్టించడానికి మాత్రం ఒప్పుకున్నాడు. పెట్టించాను. పక్కింటాయన ఆ బోర్డు కర్రకు మేకను కట్టేసుకున్నాడు. ఆ బోర్డు వల్ల కలిగిన ప్రయోజనం అదొక్కటే. మీకు ఒక్కటి చెప్తాను, గుర్తుపెట్టుకోండి. లారీవాడు వేళకు సరుకు చేర్చకపోతే యజమాని తిడతాడు. వాడి ముందు బోర్డు పెట్టి బతిమాలి లాభం లేదు. దారి మారాలి, లేదా దారి మూసుకుపోవాలి.

మార్గం దొరక్క నేను ఊరుకున్నాను. వీధిలోవాళ్ళు ఊరుకోలేదు.

అడ్డం

మిల్లు యజమాని మా ఆఫీసుకు వచ్చి కేకలేశాడు. అంత దుడ్లు పోసి షెడ్డు కట్టిస్తే, మళ్ళీ వీధిలోనే పడుగులు వేస్తాండారు, రోజూ సాయంత్రమే వేస్తాండారు అని. కమిషనరు గారికి ముక్కు మీది కోపం నెత్తికెక్కింది. వెళ్ళి తీయించి రా అని నన్ను పంపాడు.

సాయంత్రమే అన్న మాట నాకు వింతగా అనిపించింది. పడుగు పొద్దున పని. వెళ్ళి చూస్తే నిజమే, వీధి పొడవునా పడుగు సాగదీసి ఉంది. కొయ్యలు, కర్రలు అన్నీ పద్ధతిగా ఉన్నాయి. కొసన ఒక లారీ వచ్చి, ఆగి, డ్రైవరు ఏదో గొణుక్కుంటూ వెనక్కి తిప్పుకుంటున్నాడు. లోపల వీధినిండా పిల్లలు. బడి నుంచి వచ్చినవాళ్ళు, నడక వచ్చీరానివాళ్ళు, అందరూ. అరుగుల మీద ఆడవాళ్ళు కండెలు చుట్టుకుంటున్నారు. చాలా రోజుల తర్వాత ఆ వీధి వీధిలా ఉంది.

దగ్గరికి వెళ్ళి పడుగు చూశాను. పట్టు కాదు. మాసిపోయిన నూలు, ఎన్నోచోట్ల ముడులు, రంగు రంగుకూ పొంతన లేదు. ఏ మగ్గానికీ ఎక్కని దారం. గంజి పట్టించే మగవాడు ఒక్కడూ లేడు.

"ఇది ఎవరి పడుగమ్మా?" అని నాగమ్మను అడిగాను.

"అందరిదీ."

"నేసేకా?"

"ఊహూఁ. లారోళ్ళు చూసేకి." నవ్వలేదు ఆమె. "వీధిలో ఆడోళ్ళందరం తలా కొంచెం చెత్త దారం ఏసినాం. తెంచాలంటే తెంచిపో సారూ. రేపు మళ్ళా ఏస్తాం."

నేను తెంచలేదు. రేపు చూద్దాంలే అని వచ్చేశాను. ఆఫీసులో కమిషనరు గారితో, మీరే ఒకసారి చూడాలి సార్ అన్నాను. ఆయన మరుసటి సాయంత్రమే జీపు తీయమన్నాడు.

దారిలో నాకు ఒకటే దిగులు. ఆ పడుగుకు ఉన్న బలం అంతా దాన్ని ఎవరూ దాటకపోవడంలోనే ఉంది. మున్సిపాలిటీ జీపు ఒక్కసారి దాని మీదుగా పోయిందంటే, రేపటి నుంచి ప్రతి లారీ పోతుంది. ఆ తర్వాత నిజం పడుగు వేసినా ఎవరూ ఆగరు. మళ్ళీ మంచం కోళ్ళకు, గుంజలకు పిల్లలు.

మా జీపు డ్రైవరు మస్తాను ఆ ఊరివాడే. వీధి మొదట కొయ్యల దగ్గర జీపు ఆపేశాడు.

"పోనీయవయ్యా" అన్నాడు కమిషనరు.

"పడుగుండాది సార్."

"కనిపిస్తోంది. అదే తీయించడానికి వచ్చాం. పోనీయ్."

మస్తాను స్టీరింగు మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మాఫ్ చేయండి సార్. పడుగు మీద బండి ఎక్కించేకి నాతో కాదు. రేపు మీకు ట్రాన్స్‌ఫర్ అయితాది. నేను ఈ ఊర్లోనే బతకల్ల."

కమిషనరు మొహం ఎర్రబడింది. దిగి విసవిసా నడిచాడు. నేను వెనకాల. నాగమ్మ ఓబులేసును చంకనేసుకుని ఎదురొచ్చింది. ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళు పడుగుకు అడ్డంగా నిలబడ్డారు. ఆయన వంగి దారం వేళ్ళతో నలిపి చూశాడు.

"ఇది పట్టు కాదే!" అన్నాడు.

"కాదు సారూ" అంది నాగమ్మ. "పట్టు మీ షెడ్డులో బద్రంగా ఉండాది. ఈడ ఉండేది మా పిల్లోళ్ళు."

ఆయన దారం వదిలి నిటారుగా నిలబడ్డాడు. నాగమ్మ ఆగే మనిషి కాదు. "పట్టుకు రేకులేసినారు, బాగనే ఉండాది, మేమే అడిగినాం. పట్టు ఈడున్నన్ని దినాలు ఒక్క బండీ రాలేదు. పట్టు పోయినంక మా పిల్లోళ్ళ మీదికి బండ్లు వస్తాండాయి. పట్టుకు ఇచ్చిన మర్యాద బిడ్డలకు ఇయ్యకూడదా సారూ?"

చంకలో ఉన్న ఓబులేసు కిందికి దిగుతానని పేచీ పెట్టాడు. దింపింది. వాడు తల వంచుకుని, దారానికి తగలకుండా పడుగు కింద నుంచి దూరి అవతలికి పోయాడు. కమిషనరు గారు వాడు పోయిన వైపే చాలాసేపు చూశాడు. ఆయనకు కాకినాడలో అదే వయసు మనవడున్నాడని నాకు తెలుసు. అది పనిచేసిందో, నాగమ్మ నోరు పనిచేసిందో నేను చెప్పలేను.

"మస్తాన్, జీపు వెనక్కి తిప్పు" అన్నాడు. ఆయన్ను అంత మెల్లగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

కూసాలు

దారి మూయడం తేలిక. మూసిన దారికి బదులు చూపించడమే మన ఉద్యోగం. మిల్లు యజమాని మనకు శత్రువు కాదు, అతని మిల్లులోనూ ఆ వీధి మగవాళ్ళు కొందరు హమాలీ పని చేస్తున్నారు. చెరువు కట్ట పక్క దారి గుంతలు పడి ఉంటే కంకర పోయించి, మలుపు కాస్త పెద్దది చేయించాను. ఇక లారీకి అటు తిరిగితే పెద్ద ఆలస్యం లేదు. అది పూర్తయ్యాకే వీధికి రెండు కొసలా రాతి కూసాలు నాటించాం, మన చేలకు కంచె వేసే కూసాలే. సైకిలు పోతుంది, తోపుడుబండి పోతుంది, లారీ పోదు. మధ్య కూసాన్ని మాత్రం ఎత్తి పక్కన పెట్టుకునేలా గుంతలో నిలిపాం. నీళ్ళ కరువులో ట్యాంకరు రావాలి, పెళ్ళికి బండి రావాలి, శవానికి దారి ఉండాలి. ఏ అడ్డం పెట్టినా ఈ మూడూ గుర్తుపెట్టుకోండి.

మీరు అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇంతకంటే జవాబు లేదు. ఊళ్ళో దేన్నయినా తీసేముందు, అది చేస్తున్న పని ఒక్కటేనా అని చూడండి. వీధిలో అడ్డంగా ఉన్న ప్రతిదీ అడ్డం కాదు. తల్లి కూర్చుని పనిచేసే చోటు నుంచి బయలుదేరి కొలవండి, ఆఫీసు నుంచి కాదు.

కూసాలు నాటిన రోజు సాయంత్రం నేను ఆ వీధిలోనే ఉన్నాను. ఇక ఆ దొంగ పడుగుతో పనిలేదని ఆడవాళ్ళు విప్పేస్తున్నారు. నాగమ్మ తన వైపు కొయ్యకు బిగించిన ముడి విప్పుతోంది. అది తాడు కాదు, చీర పేలిక. ఎక్కడో చూసినట్టుందని దగ్గరికి వెళ్ళాను. ఓబులేసు నడుముకు కట్టి ఉండినదే. పడుగును గుంజి కట్టడానికి ఇన్నాళ్ళూ దాన్నే వాడింది.

"దాన్నేం చేస్తావమ్మా?" అన్నాను.

"దీంతో ఇంగ పనేముంది? మగ్గం తుడ్సుకుంటా" అని భుజం మీద వేసుకుని లోపలికి పోయింది. రాట్నం తిరిగిన చప్పుడు వినబడింది. కాసేపటికి లోపలి నుంచే, కూర్చున్నచోటి నుంచే, కేక వేసింది.

"ఓబులేసూ!"

వీధి ఆ కొసన, కొత్త కూసం దగ్గర నుంచి వాడి గొంతు వచ్చింది.

"వస్తాండా!"